సముద్రంలో చమురు బావి పేలితే జవాబుదారీ ఎవరు: ఆపరేటరా, కాంట్రాక్టరా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది మరణించారు; ముడిచమురు 87 రోజుల పాటు సముద్రంలోకి ఎగదన్నింది. బావి ఆపరేటరైన బీపీ అనే చమురు సంస్థది, తవ్వే రిగ్ కాంట్రాక్టరు ట్రాన్స్‌ఓషన్‌ది, బావిని మూసే సిమెంట్ పని మరో కాంట్రాక్టరు హాలిబర్టన్‌ది. ప్రమాదం తరువాత మూడు సంస్థలూ తప్పును ఒకదాని మీద ఒకటి నెట్టుకున్నాయి. పని ఇన్ని చేతుల్లో ఉన్నప్పుడు భద్రతకు చివరికి ఎవరు పూచీ పడాలి? భారీ జరిమానాలతో సంస్థల నడవడి మారుతుందా?

మొదటి సమాధానం:
ఆపరేటరే పూచీ పడాలని నా అభిప్రాయం. 2014లో ఫెడరల్ న్యాయమూర్తి కార్ల్ బార్బియర్ బీపీకి 67, ట్రాన్స్‌ఓషన్‌కు 30, హాలిబర్టన్‌కు 3 శాతం బాధ్యత నిర్ణయించి, బీపీది ఘోర నిర్లక్ష్యమని తీర్పు చెప్పారు. ఆనాటి ప్రెజర్ పరీక్షను గమనిస్తే ఈ వాటాలు ఎందుకో అర్థమవుతుంది. బావిలో ఒత్తిడిని అదిమి ఉంచే బరువైన ద్రవం, అంటే డ్రిల్లింగ్ మడ్‌లో కొంత తీసి, దాని చోట సముద్రపు నీటిని నింపి, లోపలి ఒత్తిడిని కావాలనే తగ్గించి, అడుగు నుంచి ఏదైనా పైకి వస్తోందా అని చూస్తారు. డ్రిల్ పైపులో ఒత్తిడి మళ్ళీ పెరిగింది, అంటే సిమెంట్ బావిని మూయలేదన్నమాట. అయినా బీపీ ప్రతినిధులు, రిగ్ సిబ్బంది దానికి వేరే కారణం చెప్పుకొని, పరీక్ష నెగ్గినట్లే భావించి పని ముందుకు నడిపారు. అప్పటికే గడువూ, ఖర్చూ అంచనా దాటిపోయిన బావి అది. ఆ రెంటినీ నిర్ణయించే సంస్థకు, ఆ తొందరలో జరిగిన తప్పు నుంచి కాంట్రాక్టు పత్రాలు చూపి తప్పుకునే హక్కు లేదు.

రెండో సమాధానం:
పైవారితో చాలా వరకు ఏకీభవిస్తాను గాని, శాతాలు ప్రాణాలు పోయాక వేసే లెక్క. ముందే ఏం చేయాలో, 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో 167 మందిని బలిగొన్న పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫారం ప్రమాదం చెబుతుంది. అక్కడ ఒక కండెన్సేట్ (వాయువు నుంచి వేరయ్యే తేలిక ద్రవ ఇంధనం) పంపు తాలూకు భద్రతా వాల్వును మరమ్మతుకు విప్పి, ఆ చోట తాత్కాలికంగా మూత బిగించారు. ఆ సంగతి రాత్రి షిఫ్టువారికి చేరలేదు. రెండో పంపు ఆగిపోగానే వారు మొదటిదాన్ని నడిపారు, మూత దగ్గర వాయువు కారి పేలింది. అంతకంటే నన్ను కలచివేసే విషయం మరొకటి ఉంది: పైపర్ మండుతోందని తెలిసినా, దానికి పైపులైన్లతో కలిసి ఉన్న టార్టన్, క్లేమోర్ ప్లాట్‌ఫారాలు వెంటనే ఉత్పత్తిని ఆపలేదు. ఆపే అధికారం కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని వాడినవారిని ఎవరూ నిలదీయరన్న నమ్మకం కూడా ఉండాలి.

ఆ ప్రమాదంపై లార్డ్ కల్లెన్ జరిపిన విచారణ 1990లో 106 సిఫార్సులు చేసింది. వాటి నుంచి వచ్చిన సేఫ్టీ కేస్ విధానంలో, తన ప్లాట్‌ఫారం మీద ఏ ప్రమాదం ఎలా రావచ్చో, దాన్ని ఎలా అదుపు చేస్తుందో సంస్థే ముందుగా నిరూపించుకోవాలి.

మూడో సమాధానం:
తనిఖీ చేసేవారి సంగతీ చూడాలి. అమెరికాలో అప్పటి మినరల్స్ మేనేజ్‌మెంట్ సర్వీస్ అనే ప్రభుత్వ విభాగం చమురు రాయల్టీలు వసూలు చేస్తూనే భద్రతనూ పర్యవేక్షించేది. ఘోరం జరిగాకే ఆ పనులను విడదీశారు.

కొలమానం మరో సమస్య. పేలుడు జరిగిన రోజున ఉన్నతాధికారులు ఆ రిగ్ మీదే ఉన్నారు. ఏడేళ్ళుగా పనిదినం పోయేంత గాయం ఎవరికీ కాలేదని సిబ్బందిని అభినందించడం కూడా వారి రాకలో భాగం. కాళ్ళు జారడాలు, చేతులు నలగడాలు తగ్గినంత మాత్రాన బావి అదుపులో ఉన్నట్లు కాదు. బావి అదుపు తప్పితే దాన్ని మూసే పరికరమైన బ్లోఅవుట్ ప్రివెంటర్ మరమ్మతులు ఎన్నిసార్లు వాయిదా పడ్డాయో, బావిలోంచి వాయువు ఎన్నిసార్లు తన్నుకొచ్చిందో డైరెక్టర్ల బోర్డు ముందుకు వెళ్ళాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. జరిమానా గురించి నేను చదివినది చేరుస్తున్నాను. 2012లో బీపీ ఆ 11 మరణాలకు సంబంధించిన నేరాన్ని అంగీకరించింది. 2015లో ప్రభుత్వాలతో 2,080 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. రిగ్ మీదున్న ఇద్దరు బీపీ పర్యవేక్షకులపై పెట్టిన నరహత్య అభియోగాలను మాత్రం తరువాత ఉపసంహరించుకున్నారు. ఆ ఇద్దరినీ శిక్షించి ఉండాల్సిందని నేను అనడం లేదు. గడువునూ, ఖర్చునూ ఆమోదించే డైరెక్టర్లు సేఫ్టీ కేస్ మీద స్వయంగా సంతకం చేసి, అందులోని ప్రతి హామీకీ చట్టం ముందు తామే జవాబు చెప్పాలని అడుగుతున్నాను.