ఉగాలి, ఫుఫూ, ఇంజెరా: మూడూ ‘ఆఫ్రికా సంగటి’ కిందికేనా?

పదకోశం_నిర్వహణ: మన వంటల పదకోశంలో ఉగాలి, ఫుఫూ, ఇంజెరా మూడింటికీ కలిపి ‘ఆఫ్రికా సంగటి’ అని ఒకే ఎంట్రీ ఉంది. విడగొట్టమని ఒకరు అడిగారు. ఆదివారం దాకా చూసి తేలుస్తాను.

జొన్నకంకి: ఉంచాలి. కెన్యాలో ఉగాలి చేసే తీరు చూడండి. నాలుగు గ్లాసుల నీళ్ళు ఎసరు పెడతారు. మసిలాక తెల్ల మొక్కజొన్న పిండి గుప్పెడు చల్లి, మళ్ళీ మసలనిచ్చి, ఇంకో రెండున్నర మూడు గ్లాసుల పిండి కొంచెం కొంచెంగా పోస్తూ చెక్క తెడ్డుతో కెలుకుతారు. తెడ్డుని మ్వికో అంటారు. ఉండలు కడితే గిన్నె అంచుకు అదిమి చిదుపుతారు. సెగ తగ్గించి మూత పెట్టి ఐదు నిమిషాలు ఉంచితే కమ్మటి మాడు వాసన వస్తుంది, అప్పుడు దించుతారు. తుంచి, బొటనవేలితో గుంట చేసి, అందులోకి ఆకుకూర ఎత్తుకుని తింటారు. ఇది సంగటి కాకపోతే ఏమిటి? అసలు రాగులు మనకొచ్చిందే ఇథియోపియా, ఉగాండా ఎత్తు నేలల నుంచి. పడమటి కెన్యాలో ఇప్పటికీ రాగిపిండితో ఉగాలి చేస్తారు.

వలిసెపువ్వు: ఇథియోపియా ఇంజెరా అట్టు. సంగటిలోకి ఎలా వచ్చింది? టెఫ్ అనే చిరుధాన్యం పిండి నీళ్ళతో కలిపి రెండు మూడు రోజులు పులియబెడతారు. పైకి తేరిన పసుపు నీరు ఎర్షో, మరుసటి పిండికి అదే తోడు. పులిసిన పిండిలో కొంత తీసి నీళ్ళలో జావగా ఉడికించి, చల్లార్చి, తిరిగి కలుపుతారు. దీన్ని అబ్సిట్ అంటారు. ఈ పని ఎగ్గొడితే అట్టు మీద కళ్ళు సరిగ్గా పడవు, చల్లారాక విరుగుతుంది. పెద్ద మట్టి పెనం మీద అంచు నుంచి లోపలికి చుట్టూ పోసి మూత పెడతారు, తిరగెయ్యరు. ఇక ఘానా ఫుఫూ. ఉడికిన కర్రపెండలం, పచ్చి అరటికాయ రోట్లో వేసి ఒకరు దంచుతుంటే ఇంకొకరు తడిచేత్తో తిప్పుతారు. పొయ్యి మీద కెలకడమే లేదు.

రోకలిబండ: నైజీరియాలో ఫుఫూ మళ్ళీ వేరు. కర్రపెండలం మూడు నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టి పులిశాక పీచు తీసి చేస్తారు.

జొన్నకంకి: సరే, ఇంజెరా తీసేయండి. ఉగాలి, జింబాబ్వే సడ్జా, మలావీ న్సిమా, దక్షిణాఫ్రికా పాప్ మాత్రం ఒకటే.

వలిసెపువ్వు: ఒకటి కాదు. సడ్జాకు ముందు పిండిని చన్నీళ్ళలో కలిపి, ఆపకుండా తిప్పుతూ జావ చేస్తారు. మూత పెట్టి పది పదిహేను నిమిషాలు కుతకుత ఉడకనిచ్చి, ఆ తర్వాతే మిగతా పిండి. అందుకే అది ఉగాలి కంటే మెత్తగా ఉంటుంది. మలావీ తన న్సిమాను తన పేరుతోనే 2017లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కించుకుంది.

జొన్నకంకి: కూస్కూస్ అనే రవ్వ వంటని అల్జీరియా, మొరాకో, ట్యునీషియా, మారిటేనియా నాలుగూ కలిసే 2020లో ఎక్కించాయి. మరి దానికేమంటారు?

ఉప్పుకల్లు: ఉగాలిలో ఉప్పు వేయరు. సంగటిలో వేస్తారు. తేడా అక్కడుంది.

జొన్నకంకి: సంగటిలో ఉప్పెవరేస్తారు?

ఉప్పుకల్లు: చాలామంది.

జొన్నకంకి: ఎక్కడ? ఊరి పేరు చెప్పండి.

పదకోశం_నిర్వహణ: ఉప్పు సంగతి వదిలేయండి.

రోకలిబండ: పేరు కలిపేస్తే ప్రమాదం కూడా ఉంది. ‘సంగటి’ అని చదివి ఏ పిండైనా ఎసట్లో కెలికితే చాలనుకుంటారు. చేదు కర్రపెండలంలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. గారీ అనే కర్రపెండలం రవ్వ చేసేటప్పుడు దుంప తురిమి, గోతాంలో కట్టి, పైన బరువు పెట్టి, రెండు మూడు రోజులు పులియనిచ్చి, నీరంతా కారాక జల్లించి వేయిస్తారు. విషం చాలావరకు పోయేది ఆ తురమడం, పులవడంలోనే. కాంగోలో దుంప నానబెట్టే రోజులు తగ్గించినచోట కొంజో అనే వ్యాధి వచ్చింది. కాళ్ళు బిగుసుకుపోతాయి, మళ్ళీ మామూలుకు రావు. ఈ వ్యాధి గురించి 1938లోనే రాశారు.

వలిసెపువ్వు: మొక్కజొన్నదీ అదే కథ. అమెరికా నుంచి గింజ వచ్చింది కానీ, అక్కడివాళ్ళు దాన్ని సున్నపు నీళ్ళలో ఉడికించే పద్ధతి రాలేదు. ఒట్టి మొక్కజొన్న మీద బతికితే పెల్లాగ్రా అనే విటమిన్ లోపపు రోగం వస్తుంది. 1990లో మలావీలోని మొజాంబిక్ శరణార్థులకు వేరుశనగ పంపిణీ ఆగిపోయాక 18,000 మందికి పైగా దాని బారిన పడ్డారు.

జొన్నకంకి: జొన్న తిన్న దక్కనులోనూ పెల్లాగ్రా వచ్చింది. హైదరాబాదు పోషకాహార సంస్థలో గోపాలన్ బృందం 1960ల్లో తేల్చింది. రోగం కూడా ఒకటే అయినప్పుడు ముద్ద వేరెలా అవుతుంది?

వలిసెపువ్వు: రోగం పేరు కలిసిందని వంటలు కలిపేస్తారా? 54 దేశాలను ఒక్క గిన్నెలో పోసి మూతేశారు. చదువుకున్న వాళ్ళు చేసే పనేనా ఇది?

జొన్నకంకి: చదువు దాకా వచ్చారు కాబట్టి చెప్తున్నా. మీ పేరులోని వలిసె కూడా ఇథియోపియా మొక్కే, అరకులో పూసినంత మాత్రాన మనదైపోలేదు. పోయినేడు ఇదే పదకోశంలో మా సంగటిని ‘రాగి ముద్ద’ ఎంట్రీలో కలిపేశారు. ‘రెండూ ఒకటేగా’ అన్నది మీరే, పాత చర్చలో ఉంది. ముద్దకు ఒట్టి పిండి చాలు. సంగటికి గ్లాసు బియ్యం నాలుగైదు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడకాలి. పైన గ్లాసున్నర రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా, మధ్యలో తెడ్డు కాడతో బొక్క చేసి, మూత పెట్టి ఆవిరి పట్టనివ్వాలి. ఆ తర్వాతే కెలకడం. తొందరపడి ముందే కెలికితే లోపల పచ్చిపిండి నిలుస్తుంది. ఇంత తేడా అప్పుడెవరికీ కనపడలేదు. సడ్జాకు మాత్రం చన్నీళ్ళా వేణ్ణీళ్ళా అని ఇన్ని రోజుల తగువు. ‘ఆఫ్రికా సంగటి’ రాసింది నేనే. కనీసం అక్కడైనా సంగటి అనే మాట నిలుస్తుందని రాశాను.

రోకలిబండ: ఇదా అసలు సంగతి!

వలిసెపువ్వు: అవును, అన్నాను. అప్పుడు తెలియక అన్నాను, తప్పే. కానీ మీకు జరిగిందే మీరు ఫుఫూకు చేస్తున్నారు. పైగా మన మాటకు అందనిది ఈ ఎంట్రీలో అసలు కనపడదు. దక్షిణ ఇథియోపియాలో ఎన్సెట్ అని అరటిలాంటి చెట్టుంది. కాయ తినరు. కాండం, దుంప గీకి, ఆకులు పరిచిన గుంటలో పూడ్చి నెలల తరబడి పులియబెట్టి, దాంతో కొచో అనే రొట్టె కాలుస్తారు. దాదాపు 2 కోట్ల మందికి ఎన్సెటే ఆధారం. సంగటిలా లేదు కాబట్టి ఇన్నేళ్ళలో దాన్ని రాయాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా.

జొన్నకంకి: కొచో మీరు రాయండి. నేనడ్డం రాను. సంగటి సంగతేమిటి?

పదకోశం_నిర్వహణ: ఉగాలి, సడ్జా, ఫుఫూ, ఇంజెరా, కొచో వేర్వేరు ఎంట్రీలు. ఉగాలికి ‘సంగటిని పోలిన మొక్కజొన్న ముద్ద’ అని వివరణ ఉంటుంది. సంగటిని రాగి ముద్ద నుంచి విడదీస్తున్నాను. జొన్నకంకి గారూ, మీరే రాయండి.

జొన్నకంకి: రాస్తా. ఉప్పు వేయరు అని కూడా రాస్తా.

ఉప్పుకల్లు: వేస్తారు.