పల్లె నేర నవలలో ‘అట’ తీసేస్తే ఏం పోతుంది?

ప్రశ్న: అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊరు. బావిలో శవం తేలింది. కథ నిదానంగా రాజుకోవాలి. సంభాషణల్లో ‘అట’ ఎక్కువైంది, సగం కొట్టేయమని సలహా వచ్చింది. కొట్టేయవచ్చా?

జవాబు: వద్దండీ. పోయేది సాక్ష్యం. ‘రాత్రి బావి దగ్గరికి వెళ్ళాడు’ అంటే చెప్పేవాడు చూశాడు. ‘వెళ్ళాడట’ అంటే విన్నాడు. ‘వెళ్ళాడు కాబోలు’ అంటే గుమ్మంలో బురద అడుగులు చూసి ఊహించుకున్నాడు. ఊళ్ళో పుకారు నడిచేది కింది నుంచి పైకి: ఒకరి ‘కాబోలు’ మరొకరి నోట ‘అట’ అవుతుంది, నాలుగు రోజులకి ఆ ‘అట’ కూడా రాలిపోతుంది. కథ రాజుకోవడమంటే ఇదే. ఒకే వాక్యాన్ని మూడు అధ్యాయాల్లో ముగ్గురి నోట పెట్టి, మిగతా మాటలు కదపకుండా చివరి ముక్క మాత్రం మార్చి చూడండి. ‘అట’ ఎవరి దగ్గర రాలిందో పట్టుకున్న పాఠకుడికి అబద్ధం ఎక్కడ మొదలైందో దొరుకుతుంది.

‘కాబోలు’ పాత్రకి నప్పకపోతే ‘వెళ్ళాడేమో’ అనిపించండి, కాకపోతే అందులో నమ్మకం ఇంకాస్త తక్కువ.

ఇంకొకరు: మాట ఎన్ని చేతులు మారిందో కూడా క్రియలోనే తెలుస్తుంది. ‘చూశానన్నాడు’ అంటే చూసినవాడే నాతో చెప్పాడు. ‘చూశానన్నాడట’ అంటే మధ్యలో ఇంకో మనిషి ఉన్నాడు. ఆ మనిషి ఎవరని పరిశోధకుడు అడగకపోతే అది కథలో లోపమే.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఉత్తమ పురుషతో. ‘నేనే తోసేశానట!’ అంటే నింద మోపుతున్నారని, తను ఒప్పుకోవడం లేదని. ‘ట’ జారిందా, ‘నేనే తోసేశాను’ అని నేరం ఒప్పుకున్నట్టే. అచ్చుతప్పుల దిద్దుబాటులో ఇలాంటి వాక్యాలను విడిగా సరిచూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు: మరి వాంగ్మూలం రాసే చోట?

జవాబు: ‘వెళ్ళినట్లు విన్నాను’ అని రాయించండి. రాసేవాడు ‘వెళ్ళాడు’ అని పెడితే విన్నవాడు చూసినవాడైపోతాడు. 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షన్ ప్రకారం, కంటితో చూడదగ్గ విషయానికి తానే చూశానని చెప్పేవాడే సాక్షి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అదే నియమం 55వ సెక్షన్‌లో ఉంది. ఊరంతా ‘అట’ అంటుంటే కోర్టులో నిలబడేవాడు ఒక్కడూ దొరకడు. మీ నవలకి కావలసిన బిగువంతా అక్కడుంది.

మరొకరు: కథకుడి నోట ‘అట’ పెడితే మొదటి పేజీ నుంచీ పెట్టండి, అప్పుడది ఊరి గొంతు అవుతుంది. నడుమ ఒకటి రెండు చోట్ల దూరిస్తే పొరపాటులా కనిపిస్తుంది. పాత్రల్లో కొందరు ‘వెళ్ళాడంట’ అనేవాళ్ళుంటే, వాళ్ళని చివరిదాకా అలాగే మాట్లాడనివ్వండి.