ఆర్లిస్టాట్ వేసినా రొమ్ము క్యాన్సర్ కణాలు చావడం లేదు, సీరం వల్లేనా?

ఎస్‌కే-బీఆర్-3 అనే రొమ్ము క్యాన్సర్ కణాల మీద, బరువు తగ్గించే మందైన ఆర్లిస్టాట్ పరీక్షిస్తున్నాను. వీటిలో హెర్2 అనే ప్రోటీన్‌తో పాటు, కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ ఎంజైమ్ కూడా బాగా ఎక్కువ. ఆర్లిస్టాట్ ఆ ఎంజైమ్‌ను ఆపుతుంది; అది ఆగితే పాల్మిటేట్ అనే కొవ్వు ఆమ్లం తయారీ ఆగి కణాలు దెబ్బతినాలి. కానీ 10% ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరం) కలిపిన మీడియాలో (కణాలు పెరిగే ద్రవం) 30 మైక్రోమోలార్ వేసి 72 గంటలు ఉంచినా ఎంటీటీలో (బతికున్న కణాలను అంచనా వేసే పరీక్ష) మందు వేయని కంట్రోల్‌కీ మందు వేసిన కణాలకీ తేడా దాదాపు లేదు.

మందు కొత్తది తెప్పించాను. ఇథనాల్ మానేసి డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించాను. మీడియా మార్చి రోజూ మందు వేసి చూశాను. అదే ఫలితం. బహుశా కణాలు సొంతంగా తయారుచేసుకోలేని కొవ్వును సీరం నుంచి లాక్కుంటున్నాయి. అందుకని కొవ్వు తీసేసిన 10% సీరంలోకి మార్చాను. ఈసారి మందు వేయని కంట్రోల్ కణాలే నీరసించాయి, టెన్షన్ ఇప్పుడు అక్కడే.

కంట్రోల్ దెబ్బతినకుండా ఉండాలంటే మందుకు ఎన్ని గంటల ముందు ఈ సీరంలోకి మార్చాలి?