అప్‌డేట్: 16 జీబీ మెషీన్‌లో ఆగిపోతున్న క్యాప్చర్ కార్డు (సాల్వ్ అయింది)

పోయిన వారం అడిగింది నేనే: ఎఫ్‌పీజీఏతో (మనకు కావాల్సినట్టు ప్రోగ్రామ్ చేసుకునే చిప్‌తో) చేసుకున్న క్యాప్చర్ కార్డు (బయటి సిగ్నల్‌ను కంప్యూటర్ మెమరీలోకి తెచ్చేది) పాత 2 జీబీ ర్యామ్ మెషీన్‌లో బాగానే నడుస్తోంది, 16 జీబీ దాంట్లో పెడితే ‘ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ బఫర్ ఈజ్ ఫుల్’ అంటూ ఆగిపోతోందని. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

తప్పు నా డ్రైవర్‌దే. డీఎంఏ మాస్క్ (మెమరీలో నేరుగా రాసే డివైస్ ఎన్ని బిట్ల అడ్రస్ వరకు చేరగలదో చెప్పే సెట్టింగ్) సెట్ చేయకపోతే లినక్స్ కెర్నల్ ఆ డివైస్‌కి 32 బిట్లే, అంటే 4 జీబీ వరకే, అనుకుంటుంది. దాంతో 4 జీబీ పైనున్న నా బఫర్లన్నీ కిందున్న బౌన్స్ బఫర్ (మధ్యలో డేటా ఉంచే తాత్కాలిక మెమరీ; ఎర్రర్‌లోని ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ ఇదే) మీదుగా కాపీ అవుతున్నాయి. అది మామూలుగా 64 ఎంబీయే, నేనేమో ఒకేసారి అంతకు మించి మ్యాప్ చేస్తున్నా. ‘మెమ్=4జీ’ (4 జీబీ పైనున్న మెమరీని కెర్నల్ వాడకుండా చేసే ఆప్షన్) పెట్టి బూట్ చేయమన్న సలహాతో గుట్టు తెలిసింది. ఎర్రర్ మాయం!

ప్రోబ్‌లోనే (కార్డు కనబడగానే నడిచే డ్రైవర్ ఫంక్షన్‌లోనే) డీఎంఏ మాస్క్ 40 బిట్లకు సెట్ చేశా. 64 ఇవ్వమన్నారు ఒకరు, కానీ నా కార్డు అడ్రస్ రిజిస్టర్‌లో ఉన్నవి 40 బిట్లే. ఎక్కువ చెబితే కెర్నల్ నమ్మేస్తుంది. పై బిట్లు తెగితే డేటా ఎవరి మెమరీలో పడుతుందో దేవుడికే తెలియాలి.

బౌన్స్ బఫర్ పెంచితే ఇంకాస్త సేపు నడిచింది, అంతే. ర్యామ్ మీద అనుమానంతో రెండు రాత్రులు మెమ్‌టెస్ట్ నడపడం మాత్రం శుద్ధ దండగ.