మే ఎండల్లో హైదరాబాద్ చుట్టుపక్కల చూడ్డానికి పక్షులేమైనా ఉంటాయా?

కొత్త_బైనాక్యులర్:
అందరికీ నమస్తే. చలికాలంలో అమీన్‌పూర్ చెరువుకి వెళ్తే బాతులు, ఫ్లెమింగోలు బోలెడు కనిపించాయి, మొన్న ఆదివారం అక్కడికే వెళ్తే ఎండ తప్ప పెద్దగా ఏం లేదు. మావాడికి సెలవులు, బైనాక్యులర్ మెడలోంచి తియ్యట్లేదు. వలస పక్షులు వెళ్లిపోయాక ఇంక ఎక్కడికి తీసుకెళ్లాలి?

పొద్దున్నే_లేస్తా:
వెళ్లేవి వెళ్లిపోయాయి కానీ మే నెలలో మన మీదుగా పోయేది ఒకటుందండి, పొన్నంగి పిట్ట, ఇండియన్ పిట్టా అంటారే అదే. చలికాలమంతా దక్షిణాదిలో, శ్రీలంకలో ఉండి గుడ్లు పెట్టడానికి మధ్య భారతం, హిమాలయాల కింది అడవుల వైపు పోతూ దారిలో మన దగ్గర కూడా దిగుతుంది. సిటీలో కేబీఆర్ పార్కు, వికారాబాద్ దగ్గరి అనంతగిరి లాంటి చోట్ల ట్రై చేయండి. కొమ్మల్లో వెతక్కండి, కింద ఎండుటాకుల్లో గెంతుతూ పురుగులు ఏరుకుంటుంది. ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, పొట్ట కింద ఎరుపు, తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. తెల్లవారేటప్పుడూ పొద్దుగూకేటప్పుడూ ఈల వేసినట్టు కూస్తుంది, ఎనిమిది దాటాక వెళ్తే మీకు చెమట, వాడికి విసుగు.

వికారాబాద్_పోరడు:
అనంతగిరికి రండ్రి అన్నా, గని ఒక్క ముచ్చట. ఫోటో కోసం కొందరు ఫోన్ల పిట్టా కూత పెట్టి పిలుస్తున్నరు. అంత దూరం ఎగిరొచ్చి అలసిపోయిన పిట్ట అది, ఇంకో మగది వచ్చిందనుకొని తిండి ఇడిసిపెట్టి ఉరుకుతది. జర ఓపిక పట్టి కూసుంటే దానంతట అదే వస్తది.

హిందూపురం_వాసి:
రెండ్రోజులు టైముంటే మా వైపు వీరాపురం రాండి, చిలమత్తూరు మండలం. ఎర్రకాళ్ల కొంగలు ఊర్లో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, సంవత్సరం మొదట్లో వచ్చి పిల్లలు ఎగిరేదాకా ఉంటాయి. ఊరోళ్లు ఎవర్నీ రాయి కూడా వెయ్యనీరు. మిట్టమధ్యాన్నం తల్లి గూట్లో నిలబడి రెక్కలు చాచి పిల్లలకి నీడ పడుతుంది, అది చూస్తే మీవోడు కదలడు. వాసన మాత్రం భరించాల, చేపల కంపు.

అత్తాపూర్_అక్క:
అంత దూరాలెందుకండీ, ముందు మీ ఇంటి వెనక ఖాళీ ప్లాట్లు చూడండి. మా వెనక వెంచర్‌లో తీతువు కంకర మధ్య గుడ్లు పెట్టింది, రాళ్లేవో గుడ్లేవో తేడా తెలీదు. ఎండ ముదిరితే పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది, మేడ మీంచి బైనాక్యులర్‌లో చూస్తే ఈకల్లోంచి నీళ్లు కారడం కూడా కనిపించింది. దగ్గరికి మాత్రం పంపకండి, అది లేస్తే గుడ్లు ఎండకి ఉడికిపోతాయి.

కొత్త_బైనాక్యులర్:
థాంక్స్ అండీ అందరికీ. శనివారం కేబీఆర్, వీరాపురం మా ఆవిడ ఒప్పుకుంటే. చాతక పక్షి కూడా ఇప్పుడే వస్తుందా?

పొద్దున్నే_లేస్తా:
ఇంకొంచెం ఆగాలి. ఎక్కువగా నైరుతి గాలులతో పాటే కనిపిస్తాయి, తొలకరి టైంలో ఊరి బయట పొదలున్న చోట చూడండి. నలుపు తెలుపు, తల మీద కుచ్చు. బాబ్లర్లని గుంపుగా తిరుగుతూ గోల చేసే మట్టిరంగు పిట్టలుంటాయి, ఆ గుంపు మీదా కన్నేసి ఉంచండి, చాతకం గుడ్లు పెట్టేది వాటి గూళ్లలోనే.