సోడియం పడిపోయిన రోగికి రోజుకు 8 మించి పెంచకూడదన్న నియమం ఇంకా కావాలా?

వార్డు వైద్యుడు, విశాఖ
మే నెల ఉక్కపోత మొదలైతే మా వార్డులో ఈ కేసులే. బీపీకి నీరు తీసే మాత్ర వేసుకుంటూ, చెమటకు మంచినీళ్లు మాత్రమే తాగిన పెద్దవాళ్లు. మాట తడబడితే పక్షవాతం అనుకుని తీసుకొస్తారు. చూస్తే రక్తంలో సోడియం 110 దగ్గర ఉంటుంది. కనీసం 135 ఉండాలి. వేగంగా పెరిగితే మెదడులో నరాలను కప్పే మైలిన్ పొర దెబ్బతింటుందని, 24 గంటల్లో లీటరుకు 8 మిల్లీమోల్స్ (ఇక్కడి సోడియం అంకెలన్నీ ఈ కొలతలోనే) దాటించవద్దని మాకు నేర్పారు. అయితే 2023లో టొరంటో ఆసుపత్రుల నుంచి వచ్చిన పరిశీలనలో, 22,858 అడ్మిషన్లలో మెదడులో మైలిన్ పొర దెబ్బతిన్నది 12 మందికే. వారిలో 7 మందికి సోడియం వేగంగా పెరగనే లేదు. మెల్లగా పెంచినవారిలోనే మరణాలు ఎక్కువని సమీక్షలూ వస్తున్నాయి. ఇంత భయం అవసరమా?

పాత ఫిజీషియన్, మహారాణిపేట
ఆ లెక్కలో 130 కంటే తక్కువ ఉన్నవారందరూ కలిశారు డాక్టరు గారూ. 128 ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కడిది? ప్రమాదమంతా 105, అంతకన్నా దిగువన ఉన్నవారికీ, మద్యం అలవాటు, పోషణలోపం, కాలేయ జబ్బు, పొటాషియం లోపం ఉన్నవారికీ. 1959లో ఆడమ్స్, విక్టర్, మాన్కాల్ ఈ జబ్బును మొదటిసారి వర్ణించింది కూడా తాగుడు, తిండిలేమి ఉన్న రోగులలోనే.

మరణాల మాటా అంతే. గుండె, కాలేయం బాగా చెడినవారికి మనం ఎంత ప్రయత్నించినా సోడియం త్వరగా పెరగదు. వారు పోయింది జబ్బు ముదిరి. ఆ మరణాలను మన నిదానం ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు.

ఎమర్జెన్సీలో పనిచేసే అమ్మాయి
మూర్ఛలతో వచ్చిన రోగి ముందు ఈ భయంతోనే చేతులు కట్టుకుని నిలబడేవారిని చూశాను, సార్. మూడు శాతం సెలైన్ (గాఢమైన ఉప్పునీరు) వంద మిల్లీలీటర్లు పది నిమిషాల్లో ఇవ్వాలి, అవసరమైతే మళ్లీ ఇవ్వాలి. 4 నుంచి 6 పెరిగితే చాలు, మెదడు వాపు నుంచి గండం గట్టెక్కుతుంది. అది 8 లోపే కదా!

ఒక కూతురు, మద్దిలపాలెం
నేను డాక్టరును కాను. నాన్నగారు 104తో చేరారు. ఆసుపత్రి పేరు చెప్పను. మర్నాడు పొద్దున 123 అన్నారు. ఆయన లేచి కూర్చుని కాఫీ అడిగారు, మేము దేవుడికి దండం పెట్టుకున్నాం. అయిదో రోజున నాలుక మందమైంది, తరువాత మింగడం ఆగిపోయింది. మొదటి ఎంఆర్‌ఐలో ఏమీ లేదన్నారు. రెండు వారాలకు మళ్లీ తీస్తే కనిపించింది. నాలుగు నెలలు ముక్కులో గొట్టంతో ఉన్నారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఆ మొదటి రాత్రి మూత్రం సంచి మూడుసార్లు నిండింది. కిడ్నీలు బాగా పనిచేస్తున్నాయని సంతోషించాం. అది ప్రమాద సూచన అని ఎవరూ చెప్పలేదు.

పాత ఫిజీషియన్, మహారాణిపేట
అమ్మా, అసలు విషయం మీరు పట్టుకున్నారు. మాత్ర ఆపి సెలైన్ పెట్టాక నీటిని పట్టి ఉంచే హార్మోను ఒక్కసారిగా తగ్గిపోతుంది. కిడ్నీలు పలచని మూత్రాన్ని ధారగా వదులుతాయి. ఇక మనం ఎక్కించకపోయినా సోడియం తనంతట తానే ఎగబాకుతుంది. లోపం సరిచేయడానికి ఇచ్చే పొటాషియం కూడా దాన్ని పెంచుతుంది; చాలామంది ఆ లెక్క వేయరు. మూత్రం గంటకు వంద మిల్లీలీటర్లు దాటితే తెల్లవారే దాకా చూడకుండా వెంటనే సోడియం పరీక్షకు రక్తం పంపాలి. అప్పటికే హద్దు దాటితే డెస్మోప్రెసిన్ (ఆ హార్మోనులా నీటిని పట్టి ఉంచే మందు), అయిదు శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ నీరు)తో సోడియంను వెనక్కి దించవచ్చు. లక్షణాలు కనిపించేది సాధారణంగా రెండు నుంచి ఆరు రోజులకు కనుక, మొదటి రాత్రి దాటితే ఆ అవకాశం చేజారుతుంది.

వార్డు వైద్యుడు, విశాఖ
115 పైన ఉండి ఈ ముప్పులేవీ లేనివారి విషయంలో నా అభిప్రాయం మారలేదు. 8 దాటి 10కి చేరితే నేను కంగారుపడను. 105 ఉన్నవారి విషయంలో మీ మాటే సరి. ఈ రాత్రి నుంచి నా రోగుల మూత్రం గంటగంటకూ రాయిస్తాను. కానీ రాత్రి ఒంటిగంటకు పంపిన రక్తానికి ఫలితం పొద్దున ఎనిమిదికి వచ్చే వార్డులు ఉన్నాయి. అక్కడ ఐసీయూలో నిమిషాల్లో ఫలితమిచ్చే బ్లడ్ గ్యాస్ యంత్రం చూపే సోడియంను నమ్మి నడుచుకుంటున్నారా మీరు? ల్యాబ్ అంకెకూ దానికీ ఎంత తేడా చూశారు?

ఎమర్జెన్సీలో పనిచేసే అమ్మాయి
నమ్ముతున్నాం సార్. రెండు మూడు అంకెల తేడా ఉంటుంది. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకే యంత్రం మీద చూస్తాం, ల్యాబ్ అంకెను దాంతో కలిపి చూడం.