ప్లాంక్ రికార్డుకి మా అక్క సిద్ధమవుతోంది, తెలిసినవాళ్ళు చెప్పండి

అమలాపురం చెల్లి:
మోచేతుల ప్లాంక్‌లో (ముంజేతులూ కాలివేళ్ళూ మాత్రమే నేలకి ఆనించి, ఒళ్ళు తిన్నగా పెట్టి కదలకుండా ఉండడం) మా అక్క రెండు గంటలు దాటేసింది. ఆడవాళ్ళ గిన్నిస్ రికార్డు కెనడా ఆవిడ డోనాజీన్ వైల్డ్ 2024 మార్చిలో పెట్టారు: 4 గంటల 30 నిమిషాల 11 సెకన్లు. అప్పటికి ఆవిడకి 58 ఏళ్ళు, బడిలో వైస్ ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరయ్యారు. అది చూసే అక్కకి పట్టుదల వచ్చింది. మోచేతుల దగ్గర తోలు లేచిపోతోంది, ఏం చేయాలి? ఏ నెల మంచిది? సాక్షులుగా ఎవరిని పెట్టాలి? రోజూ కొబ్బరినీళ్ళు తాగుతోంది, సరిపోతాయా?

తణుకు దండీలు:
తోలు లేచేది రాపిడికన్నా తడికండి. మన ఉక్కపోతకి ముంజేతుల కింద చెమట మడుగు కడుతుంది. నానిన తోలు కాస్త కదిలినా ఊడుతుంది. టవల్ పరిస్తే ముడతలు పడి ఇంకా కోస్తుంది. పక్కనుంచి ఫ్యాను గాలి నేలమీదుగా తగిలేలా పెట్టండి. రూల్సులో ఎలాంటి మ్యాట్‌కి ఒప్పుకుంటారో చూసి, మొదటినుంచీ దానిమీదే చేయించండి.

భీమవరం కోచ్:
రాష్ట్రస్థాయి పవర్‌లిఫ్టర్లని తయారుచేసినవాణ్ణి, అనుభవంతో చెబుతున్నాను. ముందు కొబ్బరినీళ్ళు ఆపేయండి. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. కొబ్బరినీళ్ళలో ఎక్కువగా ఉండేది పొటాషియం. ఉప్పేసిన మజ్జిగ పట్టించండి.

అంబాజీపేట రైతు:
ఆపేయమనడానికి మీరెవరండి? మండుటెండలో దింపు తీసేవాళ్ళు బొండాం తాగే మళ్ళీ చెట్టెక్కుతున్నారు. అసలే కాయకి రేటు లేక మేము ఏడుస్తుంటే, ఇలాంటి మాటలు విని జనం రంగునీళ్ళ సీసాలు కొంటున్నారు.

భీమవరం కోచ్:
రేటు గురించి నేనేమీ అనలేదు. దింపు తీసేవాళ్ళు పొద్దున్నే ఆవకాయతో చద్దన్నం తిని వస్తారు. ఉప్పు అక్కణ్ణుంచి అందుతోంది. కాస్త సైన్సు చదవండి.

అంబాజీపేట రైతు:
చదువు గురించి మాట్లాడొద్దు. బొండాంలో చిటికెడు ఉప్పు కలపమంటే సరిపోయేదానికి ఆపేయమన్నారు. అక్కడే నాకు మండింది.

నరసాపురం నర్సు:
మీ గొడవలో అసలు మనిషిని మర్చిపోయారు. అమ్మా, అక్కకి బీపీ చూపించారా? కదలకుండా కండరాలు బిగబట్టి ఉంటే బీపీ పెరుగుతుంది, ఊపిరి బిగిస్తే ఇంకా ఎక్కువ. కిడ్నీ ఇబ్బంది ఉంటే ఉప్పూ పొటాషియం రెండూ డాక్టర్‌ని అడిగే తీసుకోవాలి. ఏమీ లేకపోతే ఓఆర్‌ఎస్ పొడి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలిపి ఇవ్వండి.

పాలకొల్లు తమ్ముడు:
అందరూ జాగ్రత్త. రికార్డు పేరు చెప్పి డబ్బు కట్టించుకుని షీల్డు చేతిలో పెట్టేవాళ్ళు ఊరూరా తయారయ్యారు. మా బాబాయి కూతురు యోగాసనాలకి అలాగే కట్టారు. పేపర్లో ఫొటో వచ్చింది, తర్వాత ఆ నంబరు ఎత్తేవాడు లేడు. పిల్ల కష్టం బూడిదపాలైంది.

కాకినాడ అన్న:
మగవాళ్ళలో చెక్ దేశస్థుడు యోసెఫ్ షాలెక్ 2023లో 9 గంటల 38 నిమిషాల 47 సెకన్లు ఉన్నాడు. అమెరికాలో జార్జ్ హుడ్ 2020లో 8 గంటలు దాటేటప్పటికి ఆయనకి 62. ఇది వయసుని బట్టి కాదు, ఓర్పుని బట్టి.

భీమవరం కోచ్:
ఓర్పొక్కటే చాలదు, భుజాలు ముందు జారిపోతాయి. నా దగ్గరికి తీసుకురండి, నేనే తర్ఫీదిచ్చి సాక్షిగా కూడా కూర్చుంటాను.

తణుకు దండీలు:
తర్ఫీదిచ్చినవాళ్ళు సాక్షిగా ఎలా కూర్చుంటారండి? సాక్షులు సంబంధం లేనివాళ్ళై ఉండాలి. ఊళ్ళో హెడ్‌మాస్టర్, లాయర్ లాంటివాళ్ళని అడగండి. చుట్టాలు వద్దు.

అమలాపురం చెల్లి:
బీపీ నార్మలేనండి, నర్సమ్మగారూ. జనవరి రెండోవారం అనుకుంటున్నాం, చల్లగా ఉంటుందని.

రాజోలు వీడియో:
సంక్రాంతికా! హాలు దొరకదు, దొరికినా బయట పందేల మైకులు. నెలాఖరుకి జరపండి. వీడియో మొదటినుంచి చివరిదాకా తెగకుండా రావాలి. కరెంటు పోయి కెమెరా ఆగితే చేసిందంతా వృథా. రెండు కెమెరాలు పెట్టండి, ఒకటి బ్యాటరీ మీద నడవాలి. మోచేతులూ కాలివేళ్ళూ రెండూ ఫ్రేములో పడేలా పక్కనుంచి తీయండి.